షాపింగ్‌కు పోతే సెంటు వాసనకు దమ్ము వస్తోంది, మీరెట్లా నెట్టుకొస్తున్నారు?

నీలికలువ – హన్మకొండ

అందరికీ నమస్కారం. నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. మందులు వాడుతుంటే మామూలుగా బాగానే ఉంటాను. ఇంటి పని, బడిలో పాఠాలు ఏవీ ఆగవు. కానీ ఈ మధ్య బట్టల షోరూమ్‌కు వెళ్లాలంటేనే టెన్షన్. అద్దాల తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టగానే సెంటు వాసన గుప్పుమంటుంది. గోడకు బిగించిన చిన్న డబ్బా కాసేపటికోసారి దానంతట అదే బుస్సుమని కొడుతుంది. పక్కనే పర్‌ఫ్యూమ్ కౌంటర్. అక్కడున్న అమ్మాయి "మేడమ్, ఒక్కసారి చూడండి" అంటూ చేతి మీద కొట్టబోతుంది. అంతే, ముందు గొంతులో గరగర, తర్వాత ఛాతీ బిగుసుకుపోవడం, ఆపైన పిల్లికూతలు.

శ్రావణంలో మా చెల్లె పెళ్లి. పట్టుచీరలు, పెట్టుపోతల బట్టలు, పిల్లలకు డ్రెస్సులు, అన్నీ కొనాలి. ఇంటికి పెద్దదాన్ని నేనే. నేను పక్కన లేకుంటే అమ్మ ఒక్క చీర కూడా ఖాయం చేయదు. హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ జేపీఎన్ రోడ్డు దాకా తిరగక తప్పదు. "నువ్వు కారులో కూర్చో, మేం చూసుకుంటాం" అంటున్నారు ఇంట్లో. చెల్లె పెళ్లికి కారులో కూర్చోవడం నాకిష్టం లేదు.

ఏ టైములో వెళ్తే నయం? ఏ మాస్కు పనికొస్తుంది? ఆ మెషిన్ కాసేపు ఆపమని షాపువాళ్లను ఎవరైనా అడిగారా? అడిగితే విన్నారా?

కాజీపేట జంక్షన్

అక్కా, మీది దమ్ము, నాది మైగ్రేన్. వాసన తగిలిన కాసేపటికి ఎడమ కన్ను వెనక పోటు మొదలవుతుంది. ఆ తర్వాత వెలుతురు పడదు, మాట పడదు, వాంతి అయ్యేదాకా ఆగదు. "మగపిల్లాడివి, సెంటు వాసనకే పడిపోతావా" అని మా బాబాయి అంటుంటాడు. పడిపోయినవాడికే తెలుస్తుంది ఆ నొప్పి.

నాకు షోరూమ్ కంటే ట్రయల్ రూమ్‌తోనే పెద్ద గొడవ. నాలుగడుగుల గది, పైన ఫ్యాన్ ఉండదు, తలుపు కింద కొద్దిగా సందు. ముందు వచ్చినవాళ్లంతా చంకల్లో కొట్టుకున్న బాడీ స్ప్రే అక్కడే నిలిచి ఉంటుంది. ప్యాంటు వేసుకుని బటన్ పెట్టుకునేలోపే తల బరువెక్కుతుంది. అందుకే ట్రయల్ రూమ్ మానేశాను. ఇంటి నుంచి బాగా సరిపోయే ప్యాంటు ఒకటి తీసుకెళ్లి, కౌంటర్ మీద పరిచి, కొత్తదాని నడుము, పొడవు దాంతో పోల్చుకుంటాను. చొక్కాకైతే భుజం కొలత చాలు. మార్చుకోవడానికి ఎన్ని రోజుల గడువో అడిగి బిల్లు మీద రాయించుకుంటాను.

ఇంకొకటి, క్యాబ్ సంగతి మర్చిపోకండి. అద్దం దగ్గర వేలాడే ఫ్రెష్‌నర్ దుకాణం కంటే ఘోరం. బండి ఎక్కకముందే "అన్నా, నాకు పడదు, అది తీసి డిక్కీలో పెడతారా" అంటే చాలామంది తీసేస్తారు. ఎక్కినాక అడిగితే అప్పటికే సీట్లకంతా పట్టేసి ఉంటుంది. హన్మకొండ నుంచి వరంగల్‌కు నేనైతే ఆటోలోనే పోతాను. దుమ్మైనా గాలి ఆడుతుంది.

షోరూమ్ అమ్మాయి – వరంగల్

అక్కా, నేను బట్టల షోరూమ్‌లో సేల్స్‌లో పని చేస్తాను. ఎక్కడో చెప్పలేను. మీరు అడిగినవన్నీ మేం రోజూ చూసేవే కాబట్టి రాస్తున్నా.

ముందు టైము. పొద్దున షాపు తీయగానే రద్దీ ఉండదని అందరూ అనుకుంటారు. నిజమే, కానీ మీకు ఆ టైము పనికిరాదు. షట్టర్ లేపగానే ఫినాయిల్‌తో తుడుస్తారు, తర్వాత గల్లా దగ్గర దీపం, ఊదుబత్తులు, సాంబ్రాణి. బోణీ అయ్యేదాకా పొగ అక్కడే తిరుగుతుంది. పగలు ఒంటిగంట తర్వాత, మేం బువ్వ తినే టైములో రండి. అప్పటికి పొద్దుటి పొగ పోయి ఉంటుంది, సాయంత్రం ధూపం ఇంకా మొదలుకాదు, గిరాకీ కూడా పలచగా ఉంటుంది. శుక్రవారం, ఆదివారం వద్దు. ఆషాఢం సేల్ రోజుల్లో అసలే వద్దు. జనం ఎంత ఎక్కువైతే ఒంటి మీది సెంట్లు అంత ఎక్కువ.

ఇక మెషిన్. దాన్ని ఆపడం మా చేతిలో ఉండదు. సేల్స్‌వాళ్లను అడిగితే "సరే మేడమ్" అంటాం గానీ, ముట్టుకుంటే మాకు మాట పడుతుంది. ఫ్లోర్ ఇన్‌చార్జిని పిలిపించండి. మెషిన్‌కు వెనక స్విచ్ ఉంటుంది. ఇన్‌చార్జి చెప్తే ఆపడం ఒక్క నిమిషం పని. పెళ్లి బట్టలంటే పెద్ద బిల్లు. ముందురోజు ఫోన్ చేసి "పెళ్లి షాపింగ్‌కు వస్తున్నాం, ఒకరికి ఆస్తమా ఉంది" అని చెప్తే కాదనరు. పట్టుచీరల సెక్షన్ చాలా షాపుల్లో పై అంతస్తులో ఉంటుంది. పర్‌ఫ్యూమ్ కౌంటర్ ముంగట నుంచి నడవకుండా వెనక లిఫ్టు వాడుకోనివ్వమనండి. సరుకు వచ్చే దారి అదే, అటువైపు ఏ సెంటూ ఉండదు.

ఒక మాట చెప్పాలనిపించింది. ఆ మెషిన్ కింద రోజంతా నిలబడేది మేమే. రాత్రి ఇంటికి పోయేసరికి తల పగిలిపోతుంటుంది. డ్యూటీకి వచ్చేటప్పుడు బాడీ స్ప్రే కొట్టుకునే రావాలని రూలు కూడా ఉంది. మీలాంటి కస్టమర్లు అడిగితే మాకు కోపం రాదు. నిజానికి మాకు కూడా మేలే.

ఎనుమాముల మిర్చి

నేను మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తా. సీజన్‌లో ఎండుమిర్చి బస్తాలు విప్పితే ఊరంతా దగ్గుద్ది. హమాలీలు తువాల ముక్కుకు చుట్టుకుని పొద్దంతా మోస్తరు. అలవాటైపోతుంది. ఈ కాలంలో కొంచెం వాసన తగిలితేనే జబ్బు అంటున్నారని నా అభిప్రాయం. షాపువాళ్ల బాధ కూడా చూడాలి. గుమ్మంలో మంచి వాసన ఉంటేనే గిరాకీ నిలబడుతుంది. ఒక్కరి కోసం అన్నీ ఆపుతారా?

పోచమ్మమైదాన్ పెద్దమ్మ

బిడ్డా, వ్యాపారం సంగతి నువ్వు చెప్పింది నిజమే. కానీ అలవాటు మాట ఒప్పుకోను. మా ఆయన బీడీ పొగలో, మిర్చి ఘాటులో ఏళ్లకేళ్లు పనిచేసిండు. అలవాటైందనే అనుకున్నడు. చివరి రోజుల్లో నాలుగు మెట్లెక్కితే నిలబడిపోయేవాడు. ఊపిరి సంగతిలో అలవాటు అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

ఊపిరి డాక్టర్ – కరీంనగర్

నేను ఛాతీ వైద్యుణ్ణి. సెంటు వల్ల వచ్చే మూడు వేర్వేరు ఇబ్బందులను కలిపి చూస్తుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నీలికలువ గారిది ఆస్తమా. ఆస్తమా ఉన్నవాళ్ల శ్వాసనాళాల లోపలి పొర ముందే వాచి, చురుగ్గా స్పందించే స్థితిలో ఉంటుంది. సెంటు ఆవిరి తగలగానే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. చాలావరకు ఇది అలర్జీ కాదు, ఘాటు వల్ల నాళాలు రేగడం. అందుకే రక్తపరీక్షలో 'పర్‌ఫ్యూమ్ అలర్జీ' అని తేలదు. పరీక్షలో ఏమీ రాలేదు కాబట్టి నాటకమని ఇంట్లోవాళ్లు అనడం అన్యాయం. కాజీపేట తమ్ముడిది మైగ్రేన్, అందులో నరాలు వాసనకు రేగుతాయి. మూడోది చర్మం. సెంటు తగిలిన చోట దద్దుర్లు, దురద వస్తాయి, అది నిజమైన అలర్జీయే కావచ్చు. ఒకరి మందు ఇంకొకరికి పనిచేయదు. జలుబుకు వేసుకునే అలర్జీ మాత్ర మింగి షోరూమ్‌కు పోతే దమ్ము ఆగుతుందని అనుకోవద్దు.

మిర్చి అన్న అడిగిన అలవాటు సంగతి. ముక్కుకు అలవాటు పడటం నిజంగానే ఉంది. ఒకే వాసన నిమిషాల తరబడి తగులుతుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. షాపు యజమానికి తన షాపు వాసన తెలియదు, అందుకే "ఇంకా సరిపోలేదు" అని మెషిన్ పెంచుతాడు. అది అహంకారం కాదు, ఆయన ముక్కుకు నిజంగా తెలియదు. కానీ ముక్కు అలవాటు పడినంత మాత్రాన ఊపిరితిత్తులు అలవాటు పడవు.

ఏసీ గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. మన ఊళ్లలో దుకాణాల్లో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. తలుపులు మూసి ఉంటే కొట్టిన సెంటంతా అక్కడే పోగవుతుంది, బట్టలకూ తివాచీకీ పట్టుకుంటుంది. కాబట్టి మెషిన్ ఆపడంతో పాటు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమని, ఒక తలుపు తెరిచి పెట్టమని అడగండి. వెళ్లడానికి కొంచెం ముందు ఈ పని చేయించగలిగితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మాస్కు మాట. ఎన్95 పొగను, దుమ్మును ఆపుతుంది. ఊదుబత్తి పొగ, సాంబ్రాణి పొగ, మిర్చి దుమ్ము, వీటికి బాగా పనికొస్తుంది. సెంటు మాత్రం ఆవిరి రూపంలో ఉంటుంది, ఎన్95 దాన్ని ఆపదు. సర్జికల్ మాస్కు అసలే ఆపదు. యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉన్న మాస్కు కొంత ఆవిరిని పీల్చుకుంటుంది, కానీ ఆ పొర నిండిపోయాక పనిచేయదు. వాడనప్పుడు గాలి చొరని కవర్లో మూసి పెట్టాలి. మాస్కు లోపల బామ్, కర్పూరం, నీలగిరి తైలం రాసుకునేవాళ్లు ఉన్నారు. ఆస్తమావాళ్లు అలా చేయొద్దు, ఆ ఘాటే దమ్ము తెప్పిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది రోజువారీ ఇన్‌హేలర్. వాపు తగ్గించే మందు రోజూ పీల్చుకుంటే శ్వాసనాళాలు శాంతిస్తాయి, వాసన తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఇబ్బంది వచ్చినప్పుడు మాత్రమే నీలం పంపు (అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్) కొట్టుకుంటూ కాలం గడిపితే లోపలి వాపు అలాగే ఉంటుంది. ఒక్క ఆ పంపు మీదే ఆధారపడొద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెప్తున్నాయి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవాళ్లు రోజూ నా దగ్గరకు వస్తారు. అది మత్తు మందు కాదు. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది.

పెళ్లికి ఇంకా సమయం ఉంది కదా, నీలికలువ గారూ. ఇప్పుడే మీ డాక్టర్‌ను కలిసి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించుకుని, మందు సరిపోతోందో లేదో చూసుకోండి. షాపింగ్ రోజు ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) మీ చేతి సంచిలోనే ఉండాలి, కారులో కాదు. ఛాతీ పట్టేసినట్టు అనిపించగానే బయటికి నడవండి. ఇంకో చీర చూసి పోదామని ఆగొద్దు. పంపు కొట్టుకున్నా తగ్గకపోతే, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతే, పెదాలు నీలంగా మారితే ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి, లేదా దగ్గరుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి.

కాజీపేట జంక్షన్

డాక్టర్ గారూ, మైగ్రేన్ మాత్ర షాపుకు వెళ్లేముందే వేసుకోవచ్చా?

ఊపిరి డాక్టర్ – కరీంనగర్

తమ్ముడూ, అది న్యూరాలజిస్టు చెప్పాలి. మామూలుగా నొప్పి మొదలైన వెంటనే వేసుకుంటే బాగా పనిచేస్తుంది, ముదిరాక వేసుకుంటే అంతగా చేయదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్ రకం మాత్రలయితే 10 రోజులు దాటి నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితి వస్తుంది. ప్రతి షాపింగ్‌కూ ముందే ఒకటి వేసుకోవడం అలవాటు చేసుకోవద్దు.

అత్తరు – మండిబజార్

అస్సలాము అలైకుమ్, నమస్తే. మా నాన్న కాలం నుంచి మాది అత్తరు దుకాణం. సువాసన అమ్మి బతికేవాణ్ణి ఈ చర్చలో మాట్లాడొచ్చో లేదో అనుకున్నా, అయినా రాస్తున్నా.

స్ప్రే సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాల్. బటన్ నొక్కగానే ఆల్కహాల్ ఎగిరిపోతూ సెంటును గదంతా చల్లేస్తుంది. మా దగ్గర అత్తరు నూనె రూపంలో ఉంటుంది. గాజుపుల్లతో ఒక చుక్క దూది మీద పెట్టి ఇస్తాం, కొందరు చెవి మడతలో పెట్టుకుంటారు. పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. ఏ పెద్ద దుకాణమైనా ఇలా చేయొచ్చు. గాలిలో కొట్టి చూపించాల్సిన పనే లేదు. కాగితం పట్టీ మీద ఒక్క చుక్క వేసి, ఇష్టమైనవాళ్ల చేతికిస్తే చాలు. వాసన చూశాక ఆ పట్టీలను మూత ఉన్న డబ్బాలో పడేయాలి. చాలా కౌంటర్లలో పట్టీలు బల్ల మీదే కుప్పగా ఉంటాయి, పొద్దంతా వాసన వాటి నుంచే లేస్తుంది.

రంజాన్ నెలలో మా బజార్ సాయంత్రాలు కిక్కిరిసి ఉంటాయి. అత్తరు, ఊదు, హలీం వాసన అన్నీ కలుస్తాయి. పడనివాళ్లు పగటి పూట రండి. ఫోన్ చేస్తే సరుకు బయటికి తెచ్చి ఇస్తాం. మా దుకాణానికి వచ్చే ఒక టీచరమ్మకు ఎన్నో ఏళ్లుగా అలాగే ఇస్తున్నాం. వాళ్లాయనకు అత్తరు ఇష్టం, ఆమెకు పడదు.

రసాయనాలు కలవని అసలు అత్తరైతే ఎవరికీ ఏమీ కాదని మా పెద్దవాళ్లు అంటారు. డాక్టర్ గారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

ఊపిరి డాక్టర్ – కరీంనగర్

భాయ్, మీరు చెప్పిన కాగితం పట్టీ, మూత డబ్బా పద్ధతి ప్రతి షాపులో ఉండాలి. కానీ సహజమైనదైతే ఏమీ కాదనే మాట సరికాదు. గులాబీలో జెరానియాల్, లావెండర్‌లో లినలూల్, నిమ్మ, నారింజ తొక్కల్లో లిమోనిన్ సహజంగానే ఉంటాయి. లినలూల్, లిమోనిన్ గాలి తగిలి పాతబడితే చర్మానికి అలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది. మల్లెపూల వాసనకు కూడా మైగ్రేన్ వచ్చేవాళ్లు ఉన్నారు. శరీరానికి తెలిసేది ఆ పదార్థం, దాని మోతాదు. అది పువ్వు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు.

సూది దారం – నిజామాబాద్

నేను బ్లౌజులు కుడతాను. డాక్టర్ గారు చెప్పిన మూడో రకం నాది. చేతివేళ్ల మధ్య, మెడ మీద ఎర్రగా దద్దుర్లు వచ్చేవి. కొత్తబట్ట వల్లా, సబ్బు వల్లా, సెంటు వల్లా అర్థం కాలేదు. చర్మ వైద్యురాలు ప్యాచ్ టెస్ట్ చేయించారు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, 48 గంటల తర్వాత తీసి చూశారు, రెండు రోజులాగి మళ్లీ చూశారు. ఆ నాలుగు రోజులూ వీపు తడపకూడదు, చెమట పట్టకూడదు. ఎండాకాలంలో చేయించుకోకండి, చాలా కష్టం. నాకు సెంటు మిశ్రమం ఉన్న పట్టీ దగ్గర ఎర్రగా పొంగింది.

అప్పటి నుంచి సబ్బు కొన్నా, క్రీము కొన్నా వెనక చిన్న అక్షరాలు చదవనిదే సంచిలో వేసుకోను. మన దగ్గర పదార్థాల వరుసలో 'పర్‌ఫ్యూమ్' లేదా 'ఫ్రాగ్రెన్స్' అని ఒకే మాట ఉంటుంది. అందులో ఏమేం కలిపారో ఉండదు. ఐరోపా దేశాల్లో 26 రకాల సెంటు పదార్థాలను మోతాదు దాటితే విడిగా పేరుతో రాయాలి, 2023లో తెచ్చిన నిబంధనతో ఆ జాబితా 80 దాటింది. మనకు కూడా అలా ఉంటే ఎంత బాగుండేది! ఇంకో మోసం, 'అన్‌సెంటెడ్' అని రాసినవాటిలో వాసనను కప్పడానికి వేరే సెంటు కలిపే వీలుంది. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉన్నదే తీసుకోండి, అయినా వరుస చదవండి.

కొత్తబట్టల మాట కూడా చెప్పాలి. ముడతలు పడకుండా ఫ్యాక్టరీలో వేసే పూతలో ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు. పాలిస్టర్ కలిసిన కాటన్ బట్టల మడత విప్పగానే ముక్కుకు తగిలే ఆ ఘాటు కొంత దానిదే. ఉతకగలిగినవి ఉతికాకే తొడుక్కోండి. పట్టుచీరకు నీళ్లు వద్దు, ఎండ అసలే వద్దు. నీడలో, గాలి ఆడే చోట దండెం మీద మడతలు మారుస్తూ ఆరేస్తే షాపు వాసన పోతుంది.

గోదావరిఖని పంతులు

కరోనా వచ్చి తగ్గినాక నాకు వాసనలు తారుమారయ్యాయి. సెంటు, సబ్బు, కాఫీ అన్నీ కుళ్లు కంపు. సూపర్‌మార్కెట్‌లో సబ్బుల వరుస దాటాలంటే వాంతి వచ్చేది. ఈఎన్‌టీ డాక్టర్ గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను రోజుకు రెండుసార్లు మనసు పెట్టి పీల్చమన్నారు. నెలలు పట్టింది గానీ చాలావరకు మామూలైంది. ఇలాంటి బాధ ఉన్నవాళ్లు నిరాశపడొద్దు, ఈఎన్‌టీని కలవండి.

ఊపిరి డాక్టర్ – కరీంనగర్

మాస్టారూ, మంచి మాట చెప్పారు. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం ఈ సాధన డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు.

బొగ్గుబాయి ఇల్లాలు – మంచిర్యాల

బట్టల సంగతి ఏడాదికి కొన్నిసార్లే. సరుకుల మాట ఏంటి? నాకు సూపర్‌మార్కెట్‌లోనే ఎక్కువ తిప్పలు. బట్టల సబ్బు పొడి, టాయిలెట్ క్లీనర్, ఊదుబత్తులు, అన్నీ ఒకే వరుసలో పెడతారు. ఆ వరుస దాటకుండా పప్పుల దగ్గరికి పోలేం.

నేను మళ్లీ మా వీధి కిరాణాకు మారాను. కిరాణా కొట్టుకు తలుపుండదు, మనం రోడ్డు మీదే నిలబడతాం, చీటీ ఇస్తే వాళ్లే తెచ్చి తూకం వేస్తారు. లోపలికి అడుగు పెట్టే పనే లేదు. ఇప్పుడైతే చీటీ వాట్సాప్‌లో పంపిస్తున్నా, కొట్టు అబ్బాయి సాయంత్రం తెచ్చిస్తాడు. మొదట్లో సబ్బులు, బియ్యం ఒకే సంచిలో వేసేవాడు. వండితే అన్నం సబ్బు వాసన వచ్చేది. "సబ్బులు, ఊదుబత్తులు వేరే సంచిలో వేయి తమ్ముడూ, కుదరకపోతే అవి రేపు తే" అన్నాను. అప్పటి నుంచి వేరుగానే తెస్తాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు కూడా సబ్బులను వేరే ఆర్డర్‌గా పెట్టండి.

నీలికలువ – హన్మకొండ

ఇన్ని సంగతులు తెలుస్తాయని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టర్ గారు చెప్పినట్టు స్పైరోమెట్రీకి టైము తీసుకున్నాను. షాపుకు ఫోన్ చేసేముందు ఏం చెప్పాలో రాసుకున్నాను. మొహమాటం ఎక్కువ నాకు, రాసుకోకపోతే మాట తడబడుతుంది. సరిగ్గా ఉందో లేదో చూడండి.

"నమస్తే అండీ. మా చెల్లె పెళ్లికి పట్టుచీరలు, బట్టలు తీసుకోవాలి. బుధవారం ఒంటిగంటన్నరకు ఆరుగురం వస్తాం. నాకు ఆస్తమా ఉంది, సెంటు వాసనకు ఊపిరి ఆడదు. మేం వచ్చే గంట ముందు చీరల సెక్షన్‌లో స్ప్రే మెషిన్ ఆపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయిస్తారా? మేం ఉన్నంతసేపు అక్కడ ఊదుబత్తి, స్ప్రే లేకుండా చూస్తే చాలు. కుదరకపోతే ముందే చెప్పండి, వేరే షాపు చూసుకుంటాం, ఏమీ అనుకోం."

షోరూమ్ అమ్మాయి – వరంగల్

అక్కా, చాలా బాగుంది. రెండు మాటలు కలపండి. చీరలు చూపించే ఇద్దరూ ఆ రోజు బాడీ స్ప్రే కొట్టుకోకుండా రావాలని చెప్పండి. చీర పరిచేటప్పుడు వాళ్లు మీకు చాలా దగ్గరగా వంగుతారు, మెషిన్ ఆపినా వాళ్ల చొక్కాల వాసన తగులుతుంది. కస్టమర్ అడిగారని ఇన్‌చార్జి చెప్తే ఆ ఒక్కరోజు రూలు పక్కన పెడతారు. రెండోది, చూడాల్సిన రంగులు, రేటు ముందే చెప్పండి. "పదిహేను వేల లోపు, మెరూన్, నెమలిపించం రంగు" అని చెప్తే చీరలు తీసి పెట్టి ఉంచుతాం. మీరు పరుపు మీద కూర్చునే సమయం సగానికి సగం తగ్గుతుంది. ఫోన్ చేసిన తర్వాత అదే వాట్సాప్‌లో కూడా పంపండి. షిఫ్టు మారితే ఫోన్‌లో చెప్పింది పోతుంది, మెసేజ్ ఉంటుంది.

కాజీపేట జంక్షన్

"వేరే షాపు చూసుకుంటాం" అన్నది బాగుందక్కా. బతిమాలినట్టు లేదు, బెదిరించినట్టూ లేదు.

ఎనుమాముల మిర్చి

ఆ షోరూమ్ చెల్లె రాసింది చదివినాక అడుగుతున్నా. పొద్దంతా అక్కడే నిలబడేవాళ్లకు ఏం దారి? గిరాకీ మాట నేను ఇప్పటికీ అంటా, వ్యాపారం వ్యాపారమే. కానీ పనిచేసేవాళ్లకు తలనొప్పి రావడం మంచిది కాదు. మా హమాలీలకు తువాల సరిపోదా, డాక్టర్ సాబ్?

ఊపిరి డాక్టర్ – కరీంనగర్

అన్నా, తువాల పెద్ద పెద్ద నలుసులను కొంత ఆపుతుంది, సన్నటి మిర్చి దుమ్మును ఆపదు. ముఖానికి అతుక్కుని ఉండే ఎన్95 చాలా నయం. చెమటకు తడిస్తే మార్చాలి కాబట్టి మనిషికి ఒకటి ఇస్తే సరిపోదు. మధ్యాహ్నం దుమ్ము లేని చోట కూర్చుని తినే వీలు కూడా కల్పించండి.

షోరూమ్ అమ్మాయిలకు సులువైన దారి, మెషిన్‌ను మనుషులు నిలబడే చోటు నుంచి దూరంగా మార్చడం. స్ప్రే మధ్య విరామం పెంచే మీట చాలా మెషిన్లలో ఉంటుంది. కౌంటర్ డ్యూటీని రోజుకొకరికి మార్చినా భారం ఒక్కరి మీదే పడదు. దగ్గు, ఆయాసం పనిరోజుల్లో పెరిగి సెలవురోజున తగ్గుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పమనండి. పని వల్ల వచ్చే ఆస్తమాను అలాగే పట్టుకుంటాం.

కొత్తతల్లి – ఆదిలాబాద్

మాది వేరే ప్రశ్న, ఇక్కడ అడగొచ్చా? బాబుకు రెండో నెల. బంధువులు పెట్టిన బట్టలు బీరువాలో నుంచి తీస్తే డాంబర్ గోలీల వాసన కొడుతోంది. పట్టుచీరల షాపులో కూడా అదే వాసన. బాబును ఎత్తుకుని వెళ్లొచ్చా?

ఊపిరి డాక్టర్ – కరీంనగర్

అమ్మా, తప్పకుండా అడగాలి. డాంబర్ గోలీల్లో ఉండేది ఎక్కువగా నాఫ్తలీన్. జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ ఉన్న పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పసికందుల్లో అది తీవ్రమైన పచ్చకామెర్లకు దారితీయొచ్చు. ఆ లోపం ఉందో లేదో చూసి చెప్పలేం కాబట్టి ఏ పసిబిడ్డకైనా ఈ జాగ్రత్త అవసరమే. ఆ బట్టలు రెండుసార్లు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా బయట గాలికి ఆరేయండి. అంతవరకు తొడగవద్దు, పక్కలో వేయవద్దు. పిల్లల బట్టల అరలో గోలీలు ఉంటే ఈరోజే తీసేయండి. వాసన కొట్టే షాపులోకి బాబును తీసుకెళ్లకండి, ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచండి. ఇప్పటికే ఆ బట్టలు తొడిగి ఉంటే, బాబు కళ్లు పచ్చబడినా, ఒళ్లు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఆ బట్టల సంగతి ఆయనకు చెప్పడం మరవకండి.

కొత్తతల్లి – ఆదిలాబాద్

ఒకసారి తొడిగాను సార్. బాబు ఇప్పుడైతే బాగానే తాగుతున్నాడు, కళ్లు తెల్లగానే ఉన్నాయి. బీరువాలోని గోలీలు తీసి బయట పడేయించాను. రేపు టీకాకు వెళ్తున్నాం, అక్కడ పిల్లల డాక్టర్‌కు ఈ సంగతి చెప్తాను.